ఎరుపు తీసేసిన పాట

మచిలీపట్నం,
ఆగస్టు 18.

మావయ్యగారికి నమస్కారం.

నేను దుర్గని. వేసవిలో నెల రోజులు గుడివాడలో మీ షాపుకి వచ్చి వీడియో మిక్సింగ్ నేర్చుకున్న లక్ష్మీదుర్గని. మొదటిరోజే ఎవరిదో గృహప్రవేశం వీడియో సగం చెరిపేసి మీ చేత తిట్లు తిన్న, చుట్టరికం లేకపోయినా మిమ్మల్ని మావయ్యగారూ అని పిలిచే పిల్లని. ఇంత చెప్పాక గుర్తు రాకుండా ఉండను. ఫోను చేస్తే మీకు వినపడదు, మెసేజీ పెడితే చూడరు. "నాతో పనుంటే కాగితం మీద రాయి, తీరిగ్గా చదువుతాను" అన్నారు కదా, అందుకే రాస్తున్నాను. పదో తరగతి పరీక్షలో రాసిన ఉత్తరం తర్వాత ఇదే రెండోది. అందులో స్నేహితుడికి విహారయాత్ర గురించి రాశాను, ఆ స్నేహితుడూ లేడు, యాత్రా లేదు.

సంగతేమిటంటే, ఫైనలియర్ ప్రాజెక్టుకి మేం ముగ్గురం కలిసి ఒక మ్యూజిక్ వీడియో చేస్తున్నాం. నాలుగు నిమిషాలుంటుంది. కార్తీక్‌ది ఉయ్యూరు, సంగీతం వాడిది. కెమెరా ఐశ్వర్యది. ఎడిటింగ్ నాది. పాట మా అమ్మది. అమ్మ పేరు వీరలక్ష్మి. నాగాయలంక దాటాక మా ఊరు. అక్కడ రేవులో ఆడవాళ్ళు చేపలు ఏరుతూ పాడుకునే పాట అది. మెట్ట ఊరి నుంచి పెళ్ళికని వచ్చిన పిల్లాడు పడవెక్కి భయంతో బిగుసుకుపోతే, వదినలందరూ చేరి ఏడిపించే పాట. "పడవెక్కిన పెళ్ళికొడుకు పాలిపోయాడే, గట్టు చూసి గంగమ్మకి దండమెట్టాడే" అని మొదలవుతుంది. నిజానికి నవ్వులాట పాటే.

కానీ కార్తీక్ సరదాకి దాన్ని బాగా నెమ్మది చేసి, గుహలో పాడినట్టు ప్రతిధ్వని పెట్టి వినిపించాడు. మాకు ఒళ్ళు జలదరించింది. మాటలు ఎవరికీ అర్థం కావు, ఏడుస్తున్నట్టే ఉంటుంది. మా సారు విని, "ఇదమ్మా సముద్రం వాళ్ళ బాధంటే, ఇందులో లోతుంది" అన్నారు. దాంతో వీడియో మూడ్ కూడా అలాగే ఉండాలనుకున్నాం. మొత్తం స్లో మోషన్ చేశాను. రంగులన్నీ తీసేసి సముద్రం నీలం ఒక్కటే ఉంచాను. పైన పల్చగా మంచులాంటి లేయరు వేశాను.

ఒకటే ఇబ్బంది. క్లోజప్‌లో అమ్మ ముఖం మరకలు మరకలుగా కనిపిస్తోంది. అది ఎలా పోగొట్టాలో చెప్పండి. పెన్‌డ్రైవు ఇందులో పెట్టాను. అక్టోబరు ఆఖరున సబ్మిషన్. ఈలోగా అమ్మకి చూపించాలి. షూటింగు రోజునే షరతు పెట్టింది, "నేను చూసి సరే అన్నాకే మార్కులకి ఇవ్వాలి" అని. అమ్మ కాదంటే మాకు వీడియో లేదు.

అత్తయ్యగారికి నమస్కారాలు.

ఇట్లు,
దుర్గ

*

గుడివాడ,
ఆగస్టు 27.

చిరంజీవి దుర్గకు రామబ్రహ్మం మావయ్య ఆశీస్సులు.

ఆ గృహప్రవేశం వాళ్ళు ఇప్పటికీ కనపడితే అడుగుతున్నారు, "మా గుమ్మడికాయ కొట్టే సీను ఏమైందండీ" అని. నిన్ను మర్చిపోవడం నా వల్ల కాదు.

వీడియో నాలుగుసార్లు చూశాను. నా చెవుల సంగతి తెలుసుగా, పాట వినపడదు, బొమ్మే చూశాను. ఒకందుకు అదీ మంచిదే. పాట లేకుండా చూస్తేనే బొమ్మ బండారం బయటపడుతుంది. ముప్ఫై ఏళ్ళు పెళ్ళిళ్ళకి మిక్సింగ్ చేసినవాణ్ణి, గులాబీలు ఎగరేశాను, హృదయాకారాల్లో దంపతుల్ని ఇరికించాను, ఎవరినీ వెక్కిరించే అర్హత నాకు లేదు. అయినా చెప్తున్నాను, నీ చేతికి పనొచ్చింది. పాట విని మీ అత్తయ్య అన్నపూర్ణ చేతిలో అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ పూట అట్టు మాడింది.

ఇక మరకల సంగతి. రంగు తీసేసినా ఆ రంగున్నచోట నలుపు మిగులుతుంది. ముఖంలో ఉండేది ఎక్కువగా ఎరుపే. కాబట్టి ఎరుపు తగ్గించడంతో ఆగకు, ఎరుపులో వెలుగు బాగా పెంచు. చర్మం తేటగా వస్తుంది, మచ్చలన్నీ కలిసిపోతాయి. నొసటి మీద నల్లగా ఒక మరక మరీ కొట్టొచ్చినట్టుంది, అదీ పోతుంది. ఇంకొకటి, రేవులో ఒంటరిగా ఊగే పడవ షాటుంది చూడు, అది మీ అమ్మగారి ముఖం పక్కనే తెచ్చిపెట్టు.

మీ అమ్మగారి గురించి నేనేమీ అడగను. ఆవిడ ముఖమే చెప్తోంది.

ఒంట్లో జాగ్రత్త.

ఇట్లు,
రామబ్రహ్మం

*

మచిలీపట్నం,
సెప్టెంబరు 10.

మావయ్యగారికి నమస్కారం.

మీరు చెప్పినట్టే ఎరుపులో వెలుగు పెంచాను. అద్భుతం! ముఖం ఎంత తేటగా వచ్చిందంటే, ఐశ్వర్య తన కెమెరా గొప్పతనమే అనుకుంటోంది, అనుకోనిచ్చాను. పడవ షాటు కూడా మార్చాను. సారుకి క్లాసులో చూపించాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి, "నీ బాధని కళ చేశావమ్మా" అన్నారు. ఏం బాధ అని నేనూ అడగలేదు.

ఆదివారం ఊరెళ్ళి అమ్మకి చూపిస్తాను. నాన్న కూడా ఉంటే బాగుండేది, ఆయనకి నా పనంటే అమ్మకంటే ముచ్చట. కానీ ఈ నెల మూడో తారీకున గిలకలదిండి హార్బరు నుంచి బోటెక్కి వేటకి వెళ్ళాడు. పద్నాలుగు రోజుల వేట, పదిహేడుకి వస్తాడు. వచ్చాక ఆయనకీ చూపిస్తాను.

నా ఫోను నీళ్ళలో పడి చచ్చిపోయింది, ఇక్కడే బందరులో రిపేరుకిచ్చాను. కార్తీక్ లాప్‌టాప్ పట్టుకెళ్తున్నాను. అత్తయ్యగారి చేతి అట్లు తలుచుకుంటే హాస్టల్ ఉప్మా దిగడం లేదు.

ఇట్లు,
దుర్గ

*

గుడివాడ,
సెప్టెంబరు 13, శనివారం.

అమ్మాయ్ దుర్గా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఆ వీడియో మీ అమ్మగారికి చూపించకు.

ఇది సోమవారానికి గానీ నీకు చేరదని తెలుసు. ఫోను రిపేరులో ఉందని రాశావు, అయినా అన్నపూర్ణ చేత మూడుసార్లు చేయించాను, మోగలేదు. చేసేదేం లేక రాస్తున్నాను.

మీ నాన్నగారు ఉన్నారని నాకు తెలియదమ్మా. బొమ్మ చూసి లేరనుకున్నాను. రంగు లేకపోవడం, దిగులు ముఖం, ఖాళీ పడవ చూసి అలా అనేసుకున్నాను. నొసటి మీద మరకని చెప్పి నేను నీ చేత చెరిపించింది మీ అమ్మగారి బొట్టు. ఇప్పుడు మళ్ళీ చూశాను. ముందు నువ్వు పంపినదాంట్లో అది నల్లగానైనా ఉంది. నేను చెప్పిన పద్ధతిలో అది పూర్తిగా పోయి ఉంటుంది. గాజుల రంగు కూడా లేదు. మనిషి సముద్రం మీద ఉండగా ఆవిడ తనని తాను అలా చూసుకోకూడదు.

దేవుడి దయవల్ల నీ బస్సు తప్పిపోయి ఉంటే బాగుండును.

రామబ్రహ్మం

*

నాగాయలంక,
సెప్టెంబరు 21.

మావయ్యగారికి,

మీ ఉత్తరం హాస్టల్‌కి వస్తే ఐశ్వర్య పంపించింది. బస్సు తప్పలేదు.

ఆదివారం పొద్దున్న వాకిట్లో కుర్చీ మీద లాప్‌టాప్ పెట్టాను. అమ్మ కొత్త చీర కట్టుకుని, తల దువ్వుకుని కూర్చుంది. పక్కింటి సత్యవతమ్మ పిన్ని కూడా వచ్చింది. మొదట్లో, "ఇదేంటే, నా పాట జ్వరమొచ్చినట్టుంది" అని నవ్వింది. తర్వాత క్లోజప్ వచ్చింది. నవ్వడం మానేసింది. సత్యవతమ్మ పిన్ని "అయ్యో అయ్యో" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకేం అర్థం కాలేదు, బాగుందనుకుంటున్నారనుకున్నాను. అంత తెలివితక్కువదాన్ని.

అమ్మ అరవలేదు, కొట్టలేదు. లేచి వెళ్ళి మొహం కడుక్కుంది. అద్దం ముందు నిలబడి కుంకుమ పెట్టుకుంది. ఎప్పుడూ పెట్టుకునేదానికి రెండింతలు పెట్టుకుంది. బయటికొచ్చి, "నా పాట నాకిచ్చెయ్యవే" అంది. అంతే. ఆ తర్వాత వారం రోజులుగా నాతో మాట్లాడటం లేదు. కంచంలో అన్నం పెడుతుంది, చేపముక్క పెద్దది నాకే వేస్తుంది, మాట మాత్రం లేదు.

పదిహేడుకి నాన్న రావాలి. రాలేదు. నిన్న ఇంకో బోటు వాళ్ళు వచ్చి, "ఇంజను ఆగింది, లంగరేసి ఉన్నారు, భయం లేదు, బాగుచేసుకుని వస్తారు" అని చెప్పారు. భయం లేదని అందరం అనుకుంటున్నాం. ఆ వీడియో వల్లే ఇలా అయిందని ఎవరూ అనలేదు. నేను కూడా అలాంటివి నమ్మను. కానీ అమ్మ వాకిట్లోకి వెళ్ళి రోడ్డు వైపు చూసిన ప్రతిసారీ నేనూ వెనకే వెళ్ళి నిలబడుతున్నాను. కాలేజీకి వెళ్ళకుండా ఇక్కడే ఉండిపోయాను.

మీరు మీ తప్పని రాశారు. మీది కాదు. మీకు తెలియదు, నాకు తెలుసు. మా సారు తల మీద చెయ్యి వేసినప్పుడు ఆయన ఏమనుకుంటున్నారో నాకు అప్పుడే అర్థమైంది. క్లాసులో ఇద్దరు ముగ్గురు, "మీ నాన్నగారు తుపానులోనా?" అన్నట్టు చూశారు. నేను కాదనలేదు. అందరూ నన్ను అంత గౌరవంగా ఎప్పుడూ చూడలేదు మావయ్యగారూ. ఎండుచేపల వాసనొస్తోందని బెంచీ మారిన వాళ్ళే నా పక్కన కూర్చున్నారు. బతికున్న నాన్నని అడ్డం పెట్టుకుని మర్యాద సంపాదించాను. ఇది రాయడానికి మూడు కాగితాలు చింపాను.

వీడియో అంతా తీసేసి ఇంకేదైనా చేద్దామని కార్తీక్ అంటున్నాడు. నాకు ఏమీ చేయాలని లేదు. అమ్మ మాట్లాడితే చాలు.

దుర్గ

*

గుడివాడ,
సెప్టెంబరు 29.

చిరంజీవి దుర్గకు,

నీ ఉత్తరం అందిన రోజునే అన్నపూర్ణ మీ సత్యవతమ్మగారి నంబరు సంపాదించి మాట్లాడింది. మీ నాన్న గణపతి ఇరవై మూడున క్షేమంగా వచ్చారని చెప్పారట. అది విన్నాకే నాకు అన్నం రుచి తెలిసింది.

నీ తప్పు నీది, నా తప్పు నాది. పంచుకోవడానికి ఇదేం ఆస్తి కాదు. నెల రోజులు నా షాపులో నా ఎదురుగా కూర్చున్నావు. మీ నాన్నగారు ఏం చేస్తారని ఒక్కసారి అడగలేదు నేను. చెవుడని సాకు చెప్పొచ్చు. నిజం అది కాదు. మీ ఊరి పేరు వినగానే, అడిగితే ఏదో విషాదం వినాల్సొస్తుందని నాకు నేనే అనుకున్నాను. మీ సారూ అంతే. సముద్రం పక్కనుండేవాళ్ళు నవ్వుతారని మాకు తోచదు కాబోలు.

ఇంకొకటి చెప్తాను, నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. తొంభై ఆరులో మా చెల్లెలు నాగమల్లేశ్వరి పెళ్ళికి నేనే వీడియో తీశాను, నేనే మిక్సింగ్ చేశాను. అప్పగింతలప్పుడు దాని చేతులు పాలలో ముంచి అత్తగారి చేతుల్లో పెడుతుంటే, మా మేనమామ జారిపడబోయి పందిరి గుంజని కావలించుకున్నాడు. మా చెల్లెలు ఫక్కున నవ్వింది. అప్పగింతల్లో నవ్వితే ఎలా? పిల్ల కళ్ళు మూసుకుని, నోరు తెరిచి నవ్వుతున్న ఆ ముక్కని బాగా నెమ్మది చేశాను, కింద వయొలిన్ పెట్టాను. నవ్వు నెమ్మదిస్తే ఏడుపులా ఉంటుంది, అది ఈ వృత్తిలో అందరికీ తెలిసిన కిటుకే. ఆ క్యాసెట్టు చూసిన ప్రతివాళ్ళూ కళ్ళు తుడుచుకున్నారు. గుడివాడ, ముదినేపల్లి చుట్టుపక్కల నాకు పేరొచ్చింది దాంతోనే.

పదేళ్ళ తర్వాత అది ఒకసారి అంది, "పిల్లలు చూసి, అమ్మా నువ్వంత ఏడ్చావా అని అడిగారన్నయ్యా. ఏడవలేదని ఎట్లా చెప్పను, క్యాసెట్టులో ఏడుస్తుంటేను?" అని. అసలు ముక్క ఉంటే తీసివ్వమంది. ఆ టేపు మీద నేను ఎప్పుడో వేరే పెళ్ళి ఎక్కించేశాను. ఇప్పటికీ దాని ఎదురుగా కూర్చుంటే నాకు సిగ్గుగానే ఉంటుంది.

నీ దగ్గర అసలు ఫైళ్ళున్నాయి. నాకు లేనిది నీకుంది. వాటిని మొదటి నుంచి చూడు, మిక్సింగ్ చేసే మనిషిలా కాదు, కూతురిలా చూడు. ఎఫెక్టులు వెయ్యొద్దని చెప్పను. ఎఫెక్టు తప్పేం కాదు, అదే మన పని. ఎండ బాగా కొడితే కాస్త చల్లార్చు, చీర రంగు వెలిసినట్టుంటే కాస్త పెంచు. పాట అసలు వేగంలో పెట్టించి, తాళం పడేచోట షాటు మార్చు. నవ్వు వచ్చినచోట మాత్రం కత్తెర పెట్టకు. అది అయిపోయేదాకా ఉంచు. చూసేవాడికి కాస్త ఇబ్బందిగా అనిపించేదాకా ఉంచు.

పూర్తయ్యాక మీ అమ్మగారి దగ్గరికెళ్ళి, క్షమించమని కాదు, చూడమని అడుగు. చూడనంటే చూడనన్నట్టే. పాట ఆవిడది.

ఇట్లు,
రామబ్రహ్మం

*

నాగాయలంక,
అక్టోబరు 26.

మావయ్యగారికి, అత్తయ్యగారికి నమస్కారం.

రేపు బందరు వెళ్తున్నాను. ఎల్లుండి వీడియో చూపించాలి. బస్సులో రాయడం కుదరదు, అందుకే ఇప్పుడే కూర్చున్నాను. చాలా రాయాలి.

మీరు చెప్పినట్టు అసలు ఫైళ్ళు మొదటి నుంచి చూశాను. మొత్తం మూడు గంటల ఫుటేజీ. అంత సేపు మా అమ్మని నేను ఎప్పుడూ చూడలేదని అప్పుడు తెలిసింది. పాట మధ్యలో చేప జారిపోతే తిట్టి మళ్ళీ సరిగ్గా అదే మాట దగ్గర అందుకుంటుంది. కెమెరా వెనకున్న ఐశ్వర్యని పిలిచి, "నువ్వూ రా, చేతులకి వాసనంటుకుంటే మీ అత్తకి చూపించు" అని ఏడిపిస్తుంది. ఇవన్నీ పనికిరావని పక్కన పారేశాను నేను. ఇప్పుడు వీడియో అంతా వాటితోనే ఉంది. పాట అసలు వేగానికి తెచ్చాం. కార్తీక్ కాసేపు గింజుకున్నాడు, తర్వాత డప్పు ఒకటి కలిపి వాడే చిందులేశాడు. రంగులు ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. మధ్యాహ్నం ఎండ మాత్రం కాస్త తగ్గించాను, ముఖాలు వెలవెలబోకుండా. పాట చివర అమ్మ నవ్వు పదకొండు సెకన్లుంది. ఒక్క సెకను కూడా కొయ్యలేదు.

అమ్మ చూడనంది. నాన్నే బతిమాలాడు. వేట నుంచి వచ్చినప్పటి నుంచీ మా ఇద్దరి మధ్యా ఏదో ఉందని కనిపెట్టాడు, ఏమిటని అడగలేదు. నిన్న అమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. పాట మొదలవగానే ఆయన తొడ మీద తాళం వేయడం మొదలెట్టాడు. పెళ్ళికొడుకు పాలిపోయే దగ్గర పగలబడి నవ్వాడు. "మీ అమ్మ ఈ పాట నా మీద కట్టిందే. నేను మెట్ట నుంచి వచ్చినవాణ్ణేగా" అన్నాడు. ఇరవై ఏళ్ళ కూతురిని, ఈ సంగతి నాకు తెలియదు! నాన్నది తిరువూరు వైపని తెలుసు, పడవెక్కి దండం పెట్టిన పెళ్ళికొడుకు ఆయనేనని ఎవరు చెప్పారు? అమ్మ మూతి బిగించుకుని కూర్చుంది గానీ, చివర్లో ఆ నవ్వు దగ్గర ఆవిడ కూడా ఆపుకోలేకపోయింది. నాతో మాట్లాడిన మొదటి మాట, "ఆ జారిపోయిన చేప కూడా పెట్టావేంటే" అని. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఎల్లుండి క్లాసులో వీడియోకి ముందు నేనే లేచి, మా నాన్న బతికే ఉన్నాడని, మీరందరూ అనుకున్నది నేను ఉండనిచ్చానని చెప్తాను. సారు లోతు పోయిందంటే అననీ. బెంచీ మారితే మారనీ.

అసలు రాయాలనుకున్నది ఇంకా రాయలేదు. నాన్న వల బాగుచేసుకోవడానికి రేవుకి వెళ్ళాక అమ్మ నా పక్కన కూర్చుంది. "మొదట చూపించావే, అది ఉందా?" అంది. ఉందన్నాను. "పెట్టు." వద్దమ్మా అన్నాను. పెట్టమంది.

పూర్తిగా చూసింది. రెప్ప వెయ్యలేదు. అయిపోయాక చెప్పింది:

"మీ నాన్న వేటకెళ్ళిన కాడి నుంచి తిరిగొచ్చేదాకా నేను లోపల ఇట్టాగే ఉంటానే. ఇదే మొహం. పైకి తెలీకూడదనే రేవులో అందరికంటే గట్టిగా పాడతాను. ఇరవై రెండేళ్ళయింది, మీ నాన్నక్కూడా తెలీనియ్యలేదు. తెలిస్తే ఆయన వెళ్ళలేడు. అట్టాంటిది నీ కంప్యూటర్లో పట్టపగలు, సత్యవతి ముందర కనపడేసరికి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అశుభం అని కాదే కోపం. దాచుకున్నది నువ్వెట్టా చూశావా అని."

నేను చూడలేదు మావయ్యగారూ. మార్కుల కోసం రంగు తీశాను. అమ్మకి ఆ మాట చెప్పాను కూడా. ఆవిడ విన్నదో లేదో తెలియదు.

"అయితే ఏది చూపించమంటావే?" అని అడిగాను.

"నవ్వేదే చూపించు. ఊరందరికీ చూపించు. ఇది తీసెయ్యి."

"నాన్నకి చెప్పనా?"

"చెప్పావంటే చంపుతాను." కొంగుతో నా మొహం తుడిచింది. "నువ్వు చూశావుగా, చాలు."

ఆవిడ ఎదురుగానే తీసేశాను. మీ దగ్గరున్న కాపీ కూడా ఇంకోసారి చూడకుండా తీసేయండి.

మీ
దుర్గ